పంతొమ్మిది సాయంత్రాల మూగ గంట

ఒక నీలం ఉన్ని స్వెటర్ పుచ్చుకుని హిల్డా పానెట్ మా ఊరి చర్చి కర్ఫ్యూ గంటను మూగ చేసిందని పెట్‌బోర్న్‌లో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. మొన్న మంగళవారం సంతలో నేను క్యాబేజీలు ఏరుకుంటుంటే, నా వెనక నిలబడి ఒకావిడ తన కొత్త కోడలికి ఇదే కథ చెబుతోంది. పైగా స్వెటర్ ఎర్రదట. ఎనిమిదేళ్ళ కిందటి సంగతి ఇలా రంగులు మార్చుకుంటూ తిరుగుతుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే కాగితం తీసుకున్నాను.

ముందు ఆ స్వెటర్ సంగతి తేలుద్దాం. అది నీలమే. అల్లింది మా పక్కింటి మిసెస్ రెనూఫ్. కానీ గంట మూగబోయింది 1951 మే రెండో తారీఖున. ఆ రోజుకి స్వెటర్ వీపు భాగం కూడా పూర్తి కాలేదు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని అల్లేది. మా వంటింటి తొట్టి దగ్గర నిలబడితే ఆవిడ ఒళ్ళో ఎన్ని వరసలు పెరిగాయో తెలిసేది. గిన్నెలు కడుక్కునే మనిషి కళ్ళు ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా. రెండో చెయ్యి అయ్యేసరికి జూన్ రెండో వారం వచ్చింది. అల్లని స్వెటర్‌ను ముందే లంచంగా పుచ్చుకున్న మనిషిని నేనైతే ఎక్కడా చూడలేదు.

ఇక హిల్డా. మా మిల్లు వీధి మొదట్లో, చర్చికి వెళ్ళే మెట్ల పక్కన ఉన్న రెండు గదుల చిన్న ఇల్లు ఆవిడది. ఆవిడది అనడం తప్పు, గంటది. మూడు వందల ఏళ్ళ కిందట ఒక ఉన్ని వ్యాపారి పొగమంచులో దారి తప్పి బురదనేలలో దిగబడిపోయాడట. మా చర్చి కర్ఫ్యూ గంట విని, ఆ చప్పుడు పట్టుకుని మిల్లు వంతెన మీదికి చేరాడు. బతికి బయటపడ్డ సంతోషంలో ఆ ఇల్లూ, దాని వెనక నాలుగెకరాల పచ్చికా రాసిచ్చాడు. గంట కొట్టే మనిషికి ఆ ఇంట్లో ఉండే హక్కు, ఆ పచ్చికలో రెండు ఆవుల మేత. షరతు ఒక్కటే. ప్రతి సాయంత్రం ఎనిమిదింటికి గంట కొట్టాలి, అది మిల్లు వంతెన దాకా వినిపించాలి. తప్పితే ఆ ఆస్తి చూసే ట్రస్టీలు ఇల్లూ పచ్చికా అమ్మేసి చర్చి పైకప్పుకు వాడుకోవచ్చు.

మొదట యాభై దెబ్బలు. ఊపిరి తీసుకునేంత ఆగి, ఆ రోజు తేదీ ఎంతో అన్ని దెబ్బలు. మా ఊళ్ళో క్యాలెండర్ చూసేవాళ్ళు తక్కువ. పొయ్యి దగ్గర కూర్చుని పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకోవడం అందరికీ పసితనం నుంచీ అలవాటు.

హిల్డా తండ్రి ఏమస్ పానెట్ గంట కొట్టేవాడు. ఆయనకు ఉబ్బసం ముదిరి గోపురం మెట్లు ఎక్కలేని పరిస్థితి వచ్చినప్పుడు హిల్డాకి పదిహేనేళ్ళు. ఆపిల్ పళ్ళ పెట్టె బోర్లించి, దాని మీద నిలబడి తాడు అందుకుంది. నేను చెప్పే సంగతి జరిగేటప్పటికి ఆవిడకు యాభై అయిదు. అంటే నలభై ఏళ్ళు. పగలంతా లాండ్రీలో ఇస్త్రీ. సాయంత్రం ఆరు దాటిందంటే ఆవిడ కాలు నిలిచేది కాదు. కుర్చీలో కూర్చునేది, లేచేది. కెటిల్ మూత ఎత్తి చూసేది, పొయ్యి మీద పెట్టకుండానే. గుమ్మం దాకా వచ్చి గోపురం గడియారం చూసేది, లోపలికి వెళ్ళి తన గడియారం చూసేది, రెండూ ఒకటే చెబుతున్నాయని నమ్మకం కుదరక మళ్ళీ బయటికి వచ్చేది. టీకి పిలిస్తే కోటు విప్పేది కాదు. మా ఆయన బతికున్నప్పుడు, "ఆ మనిషి మనింట్లో ఉంటే రైలు స్టేషన్‌లో కూర్చున్నట్టుంటుందే" అని విసుక్కునేవాడు.

సాయంత్రం సినిమా ఒక్కటీ చివరిదాకా చూడలేదు. ఏడున్నరకి లేచి, వరసలో అందరి మోకాళ్ళూ తొక్కుకుంటూ బయటికి వచ్చేసేది. మర్నాడు పొద్దున తన పెరటి గోడ మీంచి, "చివరికి ఆ అమ్మాయి ఎవరిని చేసుకుంది మిసెస్ బడ్జెన్?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. నాకు నచ్చని ముగింపులైతే కొన్ని మార్చి కూడా చెప్పాను. ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

పెళ్ళి మాట కూడా ఒకసారి నడిచింది. రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసే రూబెన్ అనే అబ్బాయి. అతనికి దూరం ఊరికి బదిలీ అయితే కలిసి వెళ్దామన్నాడు. "అక్కడ మాత్రం ఎనిమిది కాదా హిల్డా?" అని నవ్వాడట. "అవుతుంది. కానీ అక్కడ ఎనిమిదికి నాతో పనేముంది?" అందట ఈవిడ. రూబెన్ రెండేళ్ళు ఉత్తరాలు రాశాడు. కవరు మీద చేతిరాత పోస్టుమాన్ నాకు చూపించేవాడు, అంతకంటే ఎక్కువ చూడలేదు.

యుద్ధం వచ్చిన మరుసటి ఏడు ప్రభుత్వం దేశంలో చర్చి గంటలన్నీ ఆపేసింది. శత్రువు దిగితేనే కొట్టాలి. దాదాపు మూడేళ్ళు. కొట్టే పని లేనప్పుడు కూడా హిల్డా ఎనిమిదింటికి గోపురం ఎక్కేది. ఏం చేస్తుందో చూద్దామని ఒకసారి వెనకే వెళ్ళాను. తాడు రెండు చేతులతో పట్టుకుని, లాగకుండా, పెదాలతో యాభై లెక్కపెట్టి, ఆగి, పదిహేడు లెక్కపెట్టింది. ఆ రోజు పదిహేడో తారీఖు. నేను మెట్ల మీదే వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఇక్కడ కర్ఫ్యూ అనే మాట గురించి నాకు తెలిసినంత చెప్పాలి. నేను పన్నెండేళ్ళకే బడి మానేసినదాన్ని, కాబట్టి ఇందులో సగం మా అమ్మమ్మది, సగం పాదిరిగారు మిస్టర్ అఫ్లెక్‌ది. మా అమ్మమ్మ కాలంలో కర్ఫ్యూ అంటే ఒక వస్తువు. పొయ్యిలో నిప్పులు గోడ వైపుకి తోసి, వాటి మీద బోర్లించే ఇత్తడి మూత. రాత్రంతా నిప్పు ఆరదు, ఇల్లు అంటుకోదు. "ఆ కర్ఫ్యూ ఇలా అందుకో" అనేది అమ్మమ్మ, గరిటె అడిగినట్టు. హిల్డా ఇంట్లో అలాంటిది ఒకటి ఇప్పటికీ ఉంది, ఒకపక్క సొట్టతో. ఆ మూత పెట్టే వేళ అయిందని చెప్పే గంటకూ అదే పేరు వచ్చింది. ఎప్పుడో సముద్రం దాటి వచ్చి మమ్మల్ని ఏలిన రాజులు వాళ్ళ భాషలో 'నిప్పు మూయండి' అన్నారట, ఆ రెండు మాటలూ మా వాళ్ళ నోట్లో అరిగి అరిగి ఒకటైపోయాయని పాదిరిగారు చెప్పారు. మా అమ్మ నాటికి అది ఆడపిల్లలు ఇల్లు చేరాల్సిన వేళ. యుద్ధంలో పేపర్లలో అదే మాట వచ్చేది, ఫలానా ఊళ్ళో కర్ఫ్యూ అని. అక్కడ గంటా లేదు, మూతా లేదు, వీధి చివర తుపాకీ ఉందని అర్థమట. నేను అది చదివి పేజీ తిప్పేసేదాన్ని. చదివిన మాట మన మాటే కావచ్చు గానీ, బతుకు మనది కాదు కదా అనుకునేదాన్ని.

మిసెస్ రెనూఫ్ 1951 ఫిబ్రవరిలో మా పక్కింట్లో దిగింది. యుద్ధంలో శత్రుసైన్యం అయిదేళ్ళు కూర్చున్న ఛానల్ దీవుల్లో ఒకదాని నుంచి వచ్చింది. విధవ. రెండు పెట్టెలు, ఒక కుట్టు మిషను, దుప్పటిలో చుట్టిన గోడ గడియారం. పేరు లూయిజా అని ఉత్తరాల వల్ల తెలిసింది. దీవి ఎందుకు వదిలేశావమ్మా అని అడిగితే, "గాలి ఎక్కువ" అంది. భర్త ఎలా పోయాడంటే, "ఊపిరితిత్తులు" అంది. నాలాంటి మనిషికి ఆ రెండు మాటలతో ఎలా గడుస్తుంది? కిటికీ కర్టెన్ వెనక నా కాళ్ళు లాగేసేదాకా నిలబడేదాన్ని. ఒకటి మాత్రం కనిపెట్టాను. సాయంత్రం ఎనిమిదికి ముందు ఆవిడ కిటికీ తలుపు కొద్దిగా తీసి, అక్కడే నిలబడేది. ఎనిమిది దాటగానే చటుక్కున మూసేసి, కర్టెన్ లాగేసేది. ఏప్రిల్ వెలుతురు బయట ఇంకా ఉండగానే.

"ఆవిడకి మన గంట పడదు" అని మాంసం కొట్టు డాలీ టిక్‌నర్‌తో నేనే అన్నాను. తర్వాత ఊరంతా అదే అంది. దాచి లాభం లేదు.

ఏప్రిల్ మూడో వారంలో గంట తాడు పీలికలైపోయింది. అతుకు వేయించడానికి పంపించారు. మూడు రోజులు చర్చి బంట్రోతు సుత్తితో గంట మీద కొట్టాడు. నలభై ఏళ్ళలో హిల్డాకి అవే మొదటి ఖాళీ సాయంత్రాలు. ఏం చేస్తుందో అని నేను ఎదురుచూస్తుంటే, ఆవిడ సరాసరి మిసెస్ రెనూఫ్ ఇంటికి వెళ్ళింది! నా ఇంటి గుమ్మం దాటుకుని! ఎనిమిదింపావుకి బయటికి వచ్చినప్పుడు హిల్డా మొహంలో రంగు లేదు. "ఏం మిస్ పానెట్, టీ బాగుందా?" అన్నాను. "బాగుంది" అని వెళ్ళిపోయింది. రెండో రోజూ వెళ్ళింది. మూడో రోజూ వెళ్ళింది. ఆ మూడు రోజులు నాకు రొట్టె సహించలేదు.

మే రెండు, బుధవారం. నేను రేడియోలో నవ్వుల కార్యక్రమం పెట్టుకుని మేజోడుకి రఫూ వేస్తున్నాను. డాలీ టిక్‌నర్ ఏప్రన్‌తోనే పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చింది. వాళ్ళ కొట్టు చర్చి గోడకి ఆనుకునే ఉంటుంది.

"ఫ్లో, ఆ రేడియో ఆపవే! సిగ్గు లేదూ?"

"ఏమైందే?"

"గంట వినలేదా? రెండు పక్కలా తోలు కట్టి కొడుతోంది!"

నాకు వినపడలేదు, నిజం. గంట నాలుకకి తోలు దిండు కడతారు, ఎవరైనా పోతే. మామూలు మనిషికి ఒక్క పక్కే. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెత్తగా వస్తుంది. రెండు పక్కలా కట్టి, గోడ అవతల ఎవరో పరుపు దులుపుతున్నట్టు కొట్టేది ముగ్గురికే. రాజుగారు, బిషప్‌గారు, మా సొంత పాదిరిగారు.

"రాజుగారేమోనే!" అన్నాను గుండె పట్టుకుని.

"రాజుగారు పోతే నీ రేడియోలో ఆ వెకిలి నవ్వులు వస్తాయా? బిషప్ పోతే మన దాకా కబురు రావడానికి తెల్లారుతుంది. ఇక మిగిలిందెవరు?"

"పొద్దున పోస్టాఫీసులో నన్ను పలకరించాడు కదే!"

"మంచివాళ్ళు అలాగే పోతారు ఫ్లో. నీలాగా నాలాగా మంచాన పడి అందర్నీ సాధించరు."

పాదిరిగారి ఇంటికి చేరేసరికి మేం పదకొండుమందిమి అయ్యాం. డాలీ ఏప్రన్ కింద రెండు మటన్ చాప్స్ పట్టుకొచ్చింది, కూపన్ లేకుండా. మాంసం ఇంకా రేషన్‌లో ఉన్న రోజులు, అంటే ఆ దుఃఖం ఎంత గొప్పదో అర్థం చేసుకోండి. పాదిరిగారి భార్య తలుపు తీసింది. డాలీ ఆవిడని కావలించుకుని ఏడ్చేసింది.

"ఎప్పుడు పోయారమ్మా?"

"ఎక్కడికి పోయారు? తోటలో చిక్కుడు తీగలకి కర్రలు పాతుతున్నారు."

ఇంతలో ఆయనే మట్టి చేతులతో ఇంటి మూల తిరిగి వచ్చారు. అందర్నీ చూసి, కర్ర కింద పెట్టి, టోపీ తీశారు. "అయ్యో. ఎవరమ్మా పోయింది?"

 డాలీ, "మీరేనండీ" అంది. చాప్స్ రెండూ మళ్ళీ ఏప్రన్ కిందికి వెళ్ళిపోయాయి.

అందరం గోపురం కిందికి నడిచాం. హిల్డా మెట్లు దిగి తాళం వేస్తోంది.

"మిస్ పానెట్, తోలు కట్టారా?" అన్నారు పాదిరిగారు.

"కట్టానండీ. రెండు పక్కలా."

"ఎవరికోసం?"

"ఎవరూ పోలేదండీ."

"మరి ఎందుకు?"

"కొన్నాళ్ళు ఇలాగే ఉండనివ్వండి. యాభై కొట్టాను, తేదీ కొట్టాను. తక్కువ చెయ్యలేదు." అంతే. తాళం చెవి జేబులో వేసుకుని, మా మధ్య నుంచే నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడూ తోలు కట్టే కొట్టింది. ఆ మర్నాడూ అంతే. నేను సోంపు కేకు చేసి పట్టుకెళ్ళాను, పంచదార రేషను అంతా పోసి. కేకు తింది. ప్లేటు కడిగి ఇచ్చింది. సంగతి మాత్రం చెప్పలేదు. "భుజం నొప్పా?" అన్నాను. కాదంది. "ఆవిడ అడిగిందా?" అని పక్కింటి వైపు కళ్ళతో చూపించాను. "ఎవరూ ఏమీ అడగలేదు మిసెస్ బడ్జెన్." ఇక నాకు ఒక చోట కుదురు లేకుండా పోయింది. బట్టలు ఉతుకుతూ నీళ్ళు కట్టేయడం మర్చిపోయేదాన్ని. వీధిలో ఆడుకునే నా మనవలు కూడా ఆ రోజుల్లో ఎనిమిదిన్నరకి గానీ ఇంట్లో పడేవాళ్ళు కాదు. గంట వినపడకపోతే నాకు పొద్దు ఎంతయిందో తెలిసేది కాదు మరి.

ఈలోగా మిస్టర్ క్రాంప్ రంగంలోకి దిగాడు. ధాన్యం వ్యాపారి. నలుగురు ట్రస్టీలలో ఒకడు. హిల్డా ఇంటి వెనక పచ్చిక మీద ఆయన కన్ను చాలా కాలంగా ఉంది, తన లారీలు నిలుపుకోవడానికి. స్వెటర్ కథ ఆయన నోట్లోంచే పుట్టింది. మిసెస్ రెనూఫ్ కిటికీలో అల్లడం ఊరంతా చూస్తోంది, కొలత హిల్డా భుజాలకి సరిపోతోంది, ఇంకేం కావాలి? "లంచం అల్లుతోందండీ" అన్నాడట పబ్బులో. మే ఇరవై ఒకటిన చర్చి పక్క గదిలో ట్రస్టీల సమావేశం పెట్టించాడు. షరతు తప్పింది కాబట్టి ఇల్లు ఖాళీ చేయించాలని.

గది నిండిపోయింది. ట్రస్టీలు నలుగురూ బల్ల వెనక. పాదిరిగారు మధ్యలో. హిల్డా ముందు వరసలో, కోటు గుండీలన్నీ పెట్టుకుని, పాదాలు మాత్రం నేల మీద ఆగకుండా కదులుతున్నాయి. అప్పుడు టైము ఆరున్నర.

"పంతొమ్మిది సాయంత్రాలు" అన్నాడు క్రాంప్. "మిల్లు వంతెన దగ్గర వినిపించేలా అని రాసి ఉంది. విన్నవాళ్ళు ఎవరు? వంతెన పక్కనే ఉండేది మిసెస్ బడ్జెన్. ఆవిడ చెవిన పడని సంగతి ఈ ఊళ్ళో ఉందా?"

నవ్వారు అందరూ. నన్ను లేపి బైబిలు మీద చెయ్యి పెట్టమన్నారు.

"మిసెస్ బడ్జెన్, ఈ పంతొమ్మిది రోజుల్లో మీకు గంట ఒక్కసారైనా వినపడిందా?"

హిల్డా వైపు చూశాను. ఆవిడ తన చేతులు చూసుకుంటోంది. నలభై ఏళ్ళ తాడు ఆ అరచేతుల్లో చార వేసింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది, బైబిలు తోలు అట్ట చల్లగా తగిలింది.

"నా రేడియో కాస్త గట్టిగా..." అన్నాను.

"అవునా కాదా?"

"లేదు" అన్నాను. 

క్రాంప్ చేతులు విప్పి ట్రస్టీల వైపు తిరిగాడు. "మిస్ పానెట్, తోలు ఎందుకు కట్టారో ఇప్పుడైనా చెబుతారా?"

"చెప్పనండీ."

"ఇల్లు పోతుంది, తెలుసా?"

"తెలుసు."

  ఇంతలో వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. మిసెస్ రెనూఫ్ లేచి నిలబడింది. ఊరికి వచ్చి మూడు నెలలైనా ఆవిడ గొంతు ఆ గదిలో సగంమందికి తెలియదు.

"నేను విన్నాను. నా ఇల్లు వంతెనకి ఇంకా దగ్గర. రోజూ కిటికీ తెరిచి విన్నాను. పంతొమ్మిది రోజులూ."

"విన్నానని ఎవరైనా అనొచ్చు మేడమ్" అన్నాడు క్రాంప్. "ముఖ్యంగా స్నేహితులు."

ఆవిడ హిల్డా వైపు తిరిగింది. "తొమ్మిదో తారీఖు మీరు ఒకటి తక్కువ కొట్టారు. యాభై సరిగ్గానే ఉంది. తేదీకి ఎనిమిదే కొట్టారు."

గదిలో అందరి తలలూ హిల్డా వైపు తిరిగాయి. ఆవిడ మొహం కందగడ్డలా అయిపోయింది. నలభై ఏళ్ళలో ఆవిడ లెక్క తప్పిందని ఎవరూ ఎరగరు.

"నిజమే" అంది నెమ్మదిగా. "ఎక్కడో ఆలోచిస్తూ వదిలేశాను. మెట్లు దిగాక గుర్తొచ్చింది. ఎవరూ వినలేదులే అనుకున్నాను."

డాక్టరు గారు, ఆయన ఇంకో ట్రస్టీ, బల్ల మీద పెన్సిలు కొట్టారు. "కొట్టినావిడకీ విన్నావిడకీ తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి. క్రాంప్, ఇంతకంటే సాక్ష్యం నాకు అక్కర్లేదు."

"అయితే ఇంకొకటి చెప్పమనండి!" క్రాంప్ ఊరుకోలేదు. "ఈవిడకి మన గంట అంటే పడదని ఊరంతా ఎరుగుదురు. పడని గంట కోసం కిటికీ ఎందుకు తెరుస్తుందట?"

"గంట నాకు పడదని ఎవరన్నారు?"

నేను నా బూట్లు చూసుకున్నాను.

"మా అమ్మ మా దీవి మాటలో రోజూ రాత్రి కూవ్రఫ్యూ అనేది. నిప్పు మూసి పడుకో అని. నాకది నిద్రపుచ్చే మాట. సైన్యం వచ్చాక అదే మాట పేపర్లో వేశారు, ఈ వేళ దాటితే బయటికి రాకూడదని. అమ్మ చదివి నవ్వింది, పొయ్యి మీద మూత పెట్టమని సైన్యం చెప్పాలా అని. ఒక రాత్రి మా ఆవు ఈనుతోంది. మా ఆయన పక్క పొలంలోకి వెళ్ళారు. వీధిలో గస్తీవాళ్ళు అరిచారు. కర్ఫ్యూ, కర్ఫ్యూ అని, రెండుసార్లు. మంచం మీంచి విన్నాను. పట్టుకెళ్ళి, మూడు నెలలకి ఆయన్ని వదిలారు. వచ్చిన ఊపిరితిత్తులు వెళ్ళినవి కావు." ఆవిడ పాదిరిగారి వైపు తిరిగింది. "మీ గంట నన్నేమీ అనలేదు. అది వింటే అమ్మ మాట విన్నట్టే ఉంటుంది. గంట మొదలవగానే వీధిలో ఒక అరుపు వస్తుంది. అది రాకముందే కిటికీ మూసేద్దామని చూస్తాను. ఎప్పుడూ కుదరదు."

"ఏ అరుపండీ?" అన్నారు పాదిరిగారు.

ఏ అరుపో మిసెస్ రెనూఫ్ చెప్పాల్సిన పని లేదు.  మా అమ్మ అరిచేది, వాళ్ళమ్మ అరిచేది. మిల్లు వీధిలో గంట మొదటి దెబ్బ వినగానే గుమ్మంలో నిలబడి, చేతులు నోటికి అటూ ఇటూ పెట్టి, "కర్ఫ్యూ! కర్ఫ్యూ!" అని పిల్లల్ని ఇంట్లోకి అరిచి పిలిచే ఆడవాళ్ళలో ఇంకా మిగిలింది నేనొక్కదాన్నే. నా గొంతు స్టేషన్ దాకా వెళుతుందని మా ఆయన పదిమందిలో గొప్పగా చెప్పేవాడు. గది మొత్తం నా వైపు తిరిగింది. డాలీ టిక్‌నర్ కూడా.

"ఏప్రిల్‌లో మిస్ పానెట్ మా ఇంటికి వచ్చారు" అంది మిసెస్ రెనూఫ్. "ఆ అరుపుకి నా చేతిలో కప్పు జారింది. ఆవిడ ఏమీ అడగలేదు. పెంకులు ఏరి పారేశారు. మర్నాడు కూడా వచ్చి, ఆ వేళకి నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. నేను ఏమీ అడగలేదు, ఏమీ ఇవ్వలేదు. స్వెటర్ నా ఇష్టం కొద్దీ అల్లుతున్నాను. రేపటి నుంచి తోలు తీసేయండి మిస్ పానెట్. గంట సరిగా వినిపించక నేను మెడ బయటికి పెట్టాల్సి వస్తోంది."

ఓట్లు తీశారు. ముగ్గురు హిల్డా వైపు, ఒకడు లారీల వైపు. ఇల్లూ పచ్చికా గంటతోనే ఉండిపోయాయి. అప్పటికి ఏడున్నర దాటింది. హిల్డా ఎవరికీ కృతజ్ఞత చెప్పకుండా లేచి, గోపురం వైపు పరుగులాంటి నడకతో వెళ్ళింది. రేపటిదాకా ఆగలేదు, ఆ సాయంత్రమే తోలు విప్పేసింది. యాభై దెబ్బలూ, తేదీ ఇరవై ఒకటీ ఊరి కిటికీలు కదిలేలా మోగాయి. నేను గుమ్మంలో నిలబడ్డాను. నోరు దానంతటదే తెరుచుకుంది. రెండు చేతులతో మూసుకుని, వీధి చివరిదాకా నడిచి వెళ్ళి, పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ చెవి పట్టుకుని తీసుకొచ్చాను.

అక్కడితో నాకు తీరిందా అంటే, తీరలేదు. తెలియాల్సిందంతా తెలిసింది, ఒక్కటి తప్ప. ఆ రాత్రి పక్క మీద అటు దొర్లి ఇటు దొర్లి, తెల్లవారగానే హిల్డా ఇంటి పెరటి గోడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బట్టలు ఆరేస్తోంది, నోట్లో క్లిప్పులు.

"మిస్ పానెట్, ఇన్నేళ్ళుగా ఒకే వీధిలో ఉన్నాం. తోలు కట్టింది నాకు గంట వినపడకూడదని, అంతేనా? వినపడకపోతే అరవనని?"

ఆవిడ తలూపింది.

"నాతో ఒక్క మాట అంటే పోయేది కదా? నిన్న ఇల్లు పోతుందంటే కూడా నోరు విప్పలేదేం?"

క్లిప్పులు ఒక్కొక్కటే తీసి తాడుకి పెట్టింది. "చెబితే ఏం చేసేవారు?"

"అరవడం మానేసేదాన్ని!"

"ఎందుకు మానేశావని డాలీ టిక్‌నర్ అడిగితే?"

చెప్పేసేదాన్నని మా ఇద్దరికీ తెలుసు. హిల్డా చివరి దిండుగలీబు దులిపి తాడు మీద వేసింది.

"గంటకైతే తోలు ఎక్కడ కట్టాలో నాకు తెలుసు, మిసెస్ బడ్జెన్."